చెయ్యి తిమ్మిరి

కలల నేను ఇంకా బోరు లారీ మీదనే ఉంట.
ఆ పని ఇడిసి తొమ్మిదేండ్లాయె,
పానం మాత్రం దిగలేదు.

వెల్దండ తొవ్వల ఎవలదో కంది చేను.
కంప్రెసర్ మొత్తుకుంటది.
మెలుకువల ఎడమ చెవి నాకు ఉత్త రాయి,
కుడిదానికి సగమే ఇనొస్తది.
కలల రెండు చెవులూ కొత్తయి:
రాడ్డుకు రాడ్డు బిగిసే కిర్రు,
బండల దిగేటప్పుడు బిట్టు మార్చే గొంతు,
దూరంగ గట్టు మీద రైతు పెండ్లాం గాజులు.
ఆమె మొక్కుతున్నదని గాజులతోనే తెలుస్తది.

కల్వకుర్తిల చెవి డాక్టరు మిషిని పెట్టి చూసి
నరం పోయింది, ఇగ రాదన్నడు.
మరి రాత్రిపూట ఏ నరంతోని ఇంటున్న సారూ అంటె
మందు రాసిచ్చిండు,
నిద్రకు.

పండ్ల కింద దుబ్బ కరకర.
ఉమ్మేస్త, మల్ల వస్తది.
తెల్ల బండ దుబ్బ పలక బలపం,
నల్లది కాలిన టపాకాయ,
ఎర్రది తగిలిందంటే నోట్లె ఇనుము.
ఇనుము రుచి వస్తే తడి దగ్గరున్నట్టేనని
కుర్మయ్య అంటుండె.
సగం సార్లు అబద్ధమే అయ్యేది.

లేసి చూస్తే చిగురుకెళ్లి నెత్తురు.

ఒంట్లకెళ్లే సామాన్లు ఏరుకపోతది కల,
పక్కింట్ల ఉప్పు బదులడిగినట్టు.
దుప్పట్లకెళ్లి కాలు బయటికొస్తే
నేను దిండి వాగుల నిలబడ్డ.
పిక్క గుంజితే రాడ్డు బండల ఇరికింది.
ఒక్కపారి ఉచ్చకు ఆగలేక
నూటిరవై ఫీట్లకే నీళ్లు పడ్డయి,
ఊరంత ఈలలేసిండ్రు.
ఈదమ్మకు జెప్తే పొట్ట పట్టుకొని నవ్వి
"పోయిరా పో, మంచంల బోరు పొంగకముందే" అన్నది.

పడే కల అందరికొస్తది.
ఎవలన్న మిద్దె మీదికెళ్లి పడ్తరు, ఎవలన్న చింత కొమ్మకెళ్లి.
నేను ఆరున్నర ఇంచుల బొర్రల పడ్త.
మనిషి పట్టడని తెలుసు. అయినా పడ్త.
భుజాలు ముందుగాల సన్నమైతయి, తర్వాత నడుము,
పేగులు మాత్రం మీదనే ఉండిపోతయి.
మంచం కోడు మడమకు తాకినప్పుడే
దానికి అడుగు.

ఈదమ్మ కలలు వేరే.
మిరప గోదాంల తొడిమెలు తీసే చేతులు
కలల మండయట.
సల్లగుంటయట, కుండల ముంచి తీసినట్టు.
ఆ సల్లదనానికి అరచెయ్యి చెంప కింద పెట్టుకుంటది,
కన్ను మండి లేస్తది.

మొన్న గొట్టాల మీద కూసున్నం,
నేనూ కుర్మయ్యా.
ఊపిరితిత్తుల దుబ్బ నిండి పోయినోడు
ఒక్కపారి గూడ దగ్గలే.
సచ్చినోడు వచ్చి కూసున్నందుకు కాదు,
దగ్గనందుకు వింతయింది నాకు.
నా ఒళ్లె చెయ్యి పెట్టిండు.
బరువు, తడిసిన గోనె సంచి బరువు.
తోలు గరుకు. బొటనేలు మొదట్ల పాత కాయ.
ఏళ్లు అయిదూ ఉన్నయి.
రాడ్డు రెండు తిన్నదని
కలకెవలూ జెప్పనట్టున్నరు.
నిజమా కాదా అని గిచ్చిన.
నాకు నొవ్వలే.
వానికి నొచ్చిందేమోనని మొకం చూస్తే
బీడి ముట్టిచ్చుకునే పనిల ఉన్నడు.

లేసిన. మూడు గొట్టినట్టుంది.
నా కుడి చెయ్యి నా తల కింద సచ్చి పడ్డది.
ఎడమ చేత్తోని గుంజి ఛాతి మీద పెట్టుకున్న,
పరాయోళ్ల పిల్లను ఎత్తుకున్నంత జాగర్తగ.
జెప్పిన మాట ఇంటలేదు.
బొటనేలు మొదట్ల అదే కాయ.

గడపల కుక్క నోరు తెరిసి మూస్తున్నది,
సప్పుడు రాదు.

మెల్లగ మణికట్టు కాడ చీమలు మొదలైనయి.
ఇదిలిస్తే జల్ది పోతది, తెలుసు.
ఇదిలియ్యలే.
చిటికెనేలు దాక నెత్తురొచ్చి
ఇది నాదే అయ్యేటందుకు
ఇంక రెండు నిమిషాలున్నయి.

ఈదమ్మ ఇటు మర్లింది.
మిరప ఘాటుకు తుమ్ము వచ్చింది.
ముక్కు బిగవట్టి ఆపుకున్న,
చెయ్యి కదుల్తదని.